గోడకు కాపలా

జ్ఞానాపురం నుంచి స్టేషనుకి పోయే దారిలో
రైల్వే వాళ్ల పొడుగాటి గోడ.
నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మగాళ్లు
దానివైపు తిరిగి నిలబడుతూనే ఉన్నారు.

కాంట్రాక్టరు సూరిబాబు స్కూటర్ దిగకుండానే చెప్పాడు:
"ఏసుబాబు ఒకటి, వెంకన్న ఒకటి, మసీదు గుమ్మటం ఒకటి.
ఆరడుగులకో దేవుడు.
ఆ తర్వాత ఎవడు జిప్పు తీస్తాడో చూస్తాను.
బొమ్మకి అయిదొందలు."

బోట్లకు పేర్లు రాసి బతికినవాణ్ణి నేను.
ఫిషింగ్ హార్బర్లో వాటి ముక్కుల మీద
'దేవుని దయ' అని ఎన్నిసార్లు రాశానో.
ఏడాది తిరిగేసరికి ఉప్పుగాలి దయని కొరికేసేది,
మళ్లీ డబ్బులు తీసుకుని మళ్లీ రాసేవాణ్ణి.
ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు డబ్బాలోనే బిగుసుకుపోయాయి.
అయిదొందలంటే మాటలా.

మా పాస్టరుగారికి బొమ్మలు గిట్టవు.
"ఏ రూపమైనా చేయకూడదన్నాడు కదయ్యా అహరోనూ" అంటారు,
వెనక పన్నెండడుగుల ఫ్లెక్సీలో
తనే రెండు చేతులూ చాచి నవ్వుతూ.
నేను నవ్వలేదు.
మా అమ్మ పోయినప్పుడు
రెండు రాత్రులు మా మెట్ల మీద కూర్చున్న మనిషి ఆయన.

సున్నం ఆరేదాకా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను.
వాసన గురించి కాదు నా బెంగ.
పశువుల పాకలో కళ్లు తెరిచినవాడికి ఇదేం కొత్త?
ముఖం మీద ఉమ్మినా ఊరుకున్నవాడు
ఒకడి ఉచ్చకి అలుగుతాడా?
ఆయన్ని వాచ్‌మన్ని చేయడం,
అదీ నా చేత్తో,
అదే మింగుడుపడలేదు.
కొరడా పట్టాడు నిజమే,
అది కూలీల మీద కాదు,
సూరిబాబులాంటి వాళ్ల బల్లల మీద.

ఇంతకీ ఇక్కడ నిలబడేదెవరు?
పలాస ప్యాసింజర్ దిగిన తాపీ మేస్త్రీలు,
తెల్లార్లూ బండి తోలిన ఆటోవాళ్లు,
అయిదు రూపాయలు మిగుల్చుకుందామనుకున్నవాళ్లు.
ఒకట్రెండుసార్లు నేనూ.

బొగ్గుముక్క తీశాను.
ముఖం దగ్గర చెయ్యి కదల్లేదు.
సరే, కింద నుంచి మొదలెడదామనుకున్నాను.
పాదాలు కడిగినవాడి బొమ్మకి పాదాలు సరిపోవా.
మడమల్లో పగుళ్లొచ్చాయి,
వేలికి అరిగిన మట్టె వచ్చింది,
నీలం చీర, దాని మీద నారింజ రంగు కోటు,
పొడుగు కర్ర చీపురు.
చూస్తే రోజూ మా వీధి ఊడ్చే పారమ్మ.
తల వెనక వెలుగు రాయలేదు.
గోడ పక్కన వీధిదీపం ఉంది,
ఆ పూట వెలగలేదు కూడా.

సూరిబాబు వచ్చాడు.
"దేవుడేడి?"
ఏం చెప్పాలో తోచక
"రంగు అయిపోయింది" అన్నాను.
రెండొందలు చేతిలో పెట్టి
మిగతాది తర్వాతన్నాడు.
ఆ తర్వాత ఇంకా రాలేదు.

మర్నాడు అయిదింటికి పారమ్మ బండి ఆపింది.
తననే గీశానని పోల్చుకుందో లేదో, అడగలేదు నేను.
చాలాసేపు చూసి అంది:
"ఏటి బాబూ, సీపురు ఇలగేనా పట్టుకుంతారు?
కింద సెయ్యి ఇంకా కిందకుండాల.
ఇలగైతే మద్దేన్నానికి నడుం ఇరిగిపోద్ది."
మణికట్టు చెరిపి జానెడు కిందికి దించాను.
"ఇంకా" అంది.
దించాను.
"వొంగు కూడా సాల్లేదు."
మూడుసార్లు దిద్దించి,
టీ తాగావా అని అడిగి,
చెత్త ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఆరాధనకి పోతూ చూశాను.
ఒకడు గోడ ముందు నిలబడ్డాడు,
బొమ్మకేసి తలెత్తాడు,
నాలుగడుగులు పక్కకి జరిగి
అక్కడ కానిచ్చాడు.

నాలుగడుగులు.
దీనికి స్తోత్రం చెప్పాలో వద్దో తేలక
వెనక బెంచీ మీద కూర్చున్నాను.
చేతులెత్తమన్నారు పాస్టరుగారు.
ఎత్తాను.
గోళ్లలో నారింజ రంగు
కిరసనాయిలుకి కూడా వదల్లేదు.